ప్రైమరీలో పాతికమంది పోటీపడితే పార్టీకి నష్టమేనా?

గోదారిగట్టు

2028లో అమెరికాలో రెండు పార్టీలూ కొత్త అధ్యక్ష అభ్యర్థిని వెతుక్కోవాల్సిందే. అది ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే రాష్ట్రాలవారీ ఎన్నికల్లో తేలుతుంది. రాజ్యాంగ 22వ సవరణ ప్రకారం ట్రంప్ మూడోసారి ఎన్నికయ్యే వీలు లేదు. డెమోక్రాట్ల వైపు పదవిలో ఉన్న అధ్యక్షుడే లేడు. ఇలా రెండు వైపులా తలుపు తెరుచుకున్నప్పుడు బరి నిండిపోవడం మామూలే. 2016లో రిపబ్లికన్లు 17 మంది దిగారు. 2020లో డెమోక్రాట్లు పాతిక దాటారు.

నా మటుకు ఇది పార్టీకి చేటే. 2016 ఫిబ్రవరి 20న సౌత్ కరోలినా రిపబ్లికన్ ప్రైమరీలో ఏం జరిగిందో చూడండి. ట్రంప్‌కు 32.5 శాతం, రూబియోకు 22.5, క్రూజ్‌కు 22.3, మిగతాది బుష్, కేసిచ్, కార్సన్ పంచుకున్నారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు ట్రంప్‌కు కాకుండా వేరొకరికి వేశారు. డెలిగేట్లు (అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ సమావేశానికి వెళ్లే ప్రతినిధులు) మాత్రం 50కి 50 ట్రంప్‌కే వెళ్లాయి. ఎదుటివాళ్లు ఇద్దరే అయి ఉంటే ఫలితం అదే వచ్చేదా? గెలిచింది ఎవరన్నది పక్కన పెట్టండి. పార్టీలో మూడో వంతు మద్దతుతో ఒక రాష్ట్రం మొత్తం ఊడ్చేయగలిగితే ఆ ఎంపికను పార్టీ ఎంపిక అనగలమా?

లోతుగా తెలిసినవాళ్లు చెప్పండి. ఆ అభ్యర్థి మంచివాడా, ఈ అభ్యర్థి చెడ్డవాడా అన్న చర్చ ఇక్కడ వద్దు.

లెక్కల మాస్టారు

గోదారిగట్టు గారూ, మీ ఉదాహరణ సరైనదే. దోషిని మాత్రం తప్పు పట్టుకున్నారు. ఆ 32.5 శాతాన్ని నూటికి నూరు చేసింది ఆరుగురు పోటీలో ఉండటం కాదు, సౌత్ కరోలినా రిపబ్లికన్ల నియమం. రాష్ట్రం మొత్తంలో ముందున్నవారికి 29 డెలిగేట్లు, ఏడు కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఒక్కోదానిలో ముందున్నవారికి మూడేసి. 29కి 21 కలిపితే 50. ఏ నియోజకవర్గంలోనూ రెండో స్థానానికి ఒక్క డెలిగేటూ రాదు.

అదే ఓట్లను దామాషా పద్ధతిలో పంచితే ట్రంప్‌కు 16 లేదా 17, రూబియో, క్రూజ్‌లకు పదకొండేసి వచ్చేవి. బరిలో ఉన్నవాళ్లు అంతే మంది, ఓట్లూ అవే.

రెండో చిక్కు అర్హత శాతం. అలబామా చూడండి, 2016 మార్చి 1. ట్రంప్ 43.4, క్రూజ్ 21.1, రూబియో 18.7. అక్కడ 20 శాతం దాటితేనే రాష్ట్రస్థాయి డెలిగేట్లు. రూబియో గీతకు 1.3 శాతం కింద ఆగారు. చివరి లెక్క ట్రంప్ 36, క్రూజ్ 13, రూబియో 1. అంటే 43 శాతం ఓట్లకు 72 శాతం డెలిగేట్లు. టెక్సస్‌లో రూబియోకు 17.7 శాతం వస్తే మొత్తం 155 డెలిగేట్లలో మూడే దక్కాయి.

డెమోక్రాట్లలో అన్ని రాష్ట్రాల్లోనూ దామాషానే, గీత 15 శాతం దగ్గర. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఏడు పదిహేన్లు నూట ఐదు కనుక ఆరుగురికి మించి ఎవరూ ఆ గీత దాటే అవకాశమే లేదు. పాతికమంది దిగినా డెలిగేట్లు పంచుకునేది ముగ్గురో నలుగురో. మిగతా ఓట్లన్నీ పంపకంలోకి రాకుండానే పోతాయి. 2020 న్యూ హాంప్‌షైర్‌లో శాండర్స్ 25.6, బుటిజెజ్ 24.3, క్లోబుషార్ 19.7 తెచ్చుకుని 24 డెలిగేట్లను 9, 9, 6గా పంచుకున్నారు. వారెన్‌కు 9.2, బైడెన్‌కు 8.4 వచ్చినా సున్నా. ఆ రాష్ట్రంలో నూటికి 30 ఓట్లు ఏ డెలిగేటుగానూ మారలేదు.

కాబట్టి ఎందరున్నారన్నది మొదటి ప్రశ్న కాదు. ఓటు డెలిగేటుగా ఏ నియమంతో మారుతోందన్నదే మొదటి ప్రశ్న.

తుంగభద్ర

మన దగ్గర 2009 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎన్నికల తర్వాత ఇదే మాట వినేవాళ్లం. ప్రజారాజ్యం ఓట్లు చీల్చబట్టే కాంగ్రెస్ సుమారు 36.5 శాతంతో 294లో 156 సీట్లు గెలిచిందని. ఇదీ అదే కదా?

లెక్కల మాస్టారు

లెక్క అదే, పరిస్థితి వేరు. ఆ ఎన్నిక ఒకే రోజు అయిపోతుంది, ఒకసారి చీలిన ఓటు చీలినట్టే. ప్రైమరీలు ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రాష్ట్రం వెంట రాష్ట్రంగా నడుస్తాయి. ఐదో రాష్ట్రంలో చీలిన ఓటు పదో రాష్ట్రానికల్లా కలిసిపోవచ్చు, వెనకబడినవాళ్లు సకాలంలో తప్పుకుంటే. అందుకే ప్రైమరీల్లో అభ్యర్థుల సంఖ్య కంటే తప్పుకున్న తేదీలు ముఖ్యం.

పాతపుటలు

సంఖ్యను భూతంలా చూసే ముందు అటువైపు చరిత్ర కూడా చూడాలి. అభ్యర్థులను పార్టీ పెద్దలు వడపోసిన రోజులు పార్టీకి మేలు చేశాయా?

1924లో డెమోక్రాట్ల సమావేశం న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. నామినేషన్‌కు మూడింట రెండు వంతుల ఓట్లు కావాలని అప్పటి నియమం. ప్రధాన పోటీదారులు మెకడూ, అల్ స్మిత్ ఇద్దరూ ఒకరినొకరు ఆపగలరు, ఎవరూ గీత దాటలేరు. 103 సార్లు ఓటింగ్ జరిగింది. దేశమంతా రేడియోలో విన్నది. చివరికి ఇద్దరినీ కాదని జాన్ డేవిస్‌ను ఎంచుకున్నారు. నవంబర్‌లో ఆయనకు 29 శాతం కూడా రాలేదు, కూలిడ్జ్ గెలిచారు. ఆ సమావేశంలో పేర్లు చాలానే వచ్చాయి కానీ పీటముడి వేసింది ఇద్దరే, ఆ మూడింట రెండు వంతుల నియమమే. దాన్ని 1936లో ఎత్తేశారు.

1968లో డెమోక్రాట్ ఉపాధ్యక్షుడు హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే నామినేషన్ పొందారు. సమావేశం జరిగిన షికాగో వీధుల్లో గొడవలు, నవంబర్‌లో ఓటమి. ఆ తర్వాత మెక్‌గవర్న్–ఫ్రేజర్ కమిషన్ వచ్చింది, డెలిగేట్ల ఎంపిక ఓటర్ల చేతికి వెళ్లింది. ఇప్పుడు మనం చూస్తున్న గుంపులు ఆ సంస్కరణ బిడ్డలే. గేటు తెరిచాక జనం రాకుండా ఉంటారా?

తెరిచిన గేటు మేలు చేసిన సందర్భం 1976. జార్జియా మాజీ గవర్నర్ కార్టర్‌ను దేశంలో ఎరిగినవాళ్లు తక్కువ. అయోవా కాకస్‌లో (ఓటర్లు ఒకచోట చేరి అభ్యర్థిని ఎంచుకునే సభల్లో) ఆయన రెండో స్థానమే. 37 శాతం ‘ఎవరికీ కట్టుబడం’ అన్నవాళ్లు, సుమారు 28 శాతం కార్టర్. న్యూ హాంప్‌షైర్‌లో యుడాల్, బాయ్, హ్యారిస్, ష్రైవర్ ఉదారవాద ఓటును నలుగురూ పంచుకుంటే కార్టర్ 28 శాతంతో ముందుకు వచ్చారు. ఓట్ల చీలికతోనే ఎదిగిన అభ్యర్థి ఆయన. నవంబర్‌లో గెలిచారు కూడా.

పోటీ లేకపోవడం వల్ల వచ్చిన నష్టం మరీ దగ్గరిది, 2024. డెమోక్రాట్ల ప్రైమరీల్లో బైడెన్‌కు గట్టి పోటీయే లేదు. జూలై 21న ఆయన తప్పుకున్నాక కమలా హ్యారిస్ ఆ ఏడాది ఒక్క ప్రైమరీ ఓటరు ముందుకూ వెళ్లకుండానే అభ్యర్థి అయ్యారు. జనవరిలో పదిమంది డిబేట్ వేదికపై ఉండి ఉంటే అధ్యక్షుడి వయసు ప్రశ్న జూన్ దాకా ఆగేది కాదు. నేను దీన్ని చిన్న విషయంగా చూడలేను.

గోదారిగట్టు

పాతపుటలు గారూ, 2024 విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఒక్కరూ లేకపోవడం తప్పయితే పాతికమంది ఉండటం ఒప్పు అయిపోదు కదా. రెండు గంటల డిబేట్‌లో పదిమంది నిలబడితే ఓటరు ఏం తెలుసుకుంటాడు?

మైకుముందు

డిబేట్ల సంగతి నేను చెబుతాను. గుంపు వల్ల నిజమైన హాని జరిగేది ఇక్కడే.

2015 ఆగస్టు 6, క్లీవ్‌లాండ్. ఫాక్స్ న్యూస్ సర్వేల సగటు తీసి మొదటి పదిమందిని రాత్రి ప్రధాన వేదిక మీద, మిగతా ఏడుగురిని సాయంత్రం ఖాళీ హాల్లో నిలబెట్టింది. పదో స్థానానికీ పదకొండో స్థానానికీ తేడా సర్వేల్లో ఉండే సహజ పొరపాటు కంటే తక్కువ. 3 శాతమున్నవారికీ 2 శాతమున్నవారికీ మధ్య గీత గీయడానికి ఆ సర్వేలు పనికిరావు. వెయ్యిమందిని అడిగిన సర్వేలో అటూ ఇటూ మూడు శాతం తేడా మామూలే.

డెమోక్రాట్లు 2019లో దీన్ని దిద్దబోయారు. మయామీలో జూన్ 26, 27 తేదీల్లో రెండు రాత్రులు, రాత్రికి పదిమంది. ఎవరు ఏ రాత్రి అన్నది చీటీ వేశారు. అర్హతకు రెండు దారులు: మూడు సర్వేల్లో 1 శాతం, లేదా 65,000 మంది దాతలు, అందులో కనీసం 20 రాష్ట్రాల్లో ఒక్కోచోట 200 మంది. సెప్టెంబర్ 12 హ్యూస్టన్ డిబేట్‌కు రెండూ కావాలన్నారు. నాలుగు సర్వేల్లో 2 శాతం, 1,30,000 మంది దాతలు. పదిమంది మిగిలారు.

వినడానికి బాగుంది. జరిగింది వేరు. రెండో రాత్రి బైడెన్ 13 నిమిషాలకు పైగా మాట్లాడితే ఆండ్రూ యాంగ్‌కు సుమారు మూడు నిమిషాలు దక్కాయి. దాతల సంఖ్య కోసం ప్రచార బృందాలు ఆన్‌లైన్ ప్రకటనలకు డబ్బు పోశాయి. ఒక్క డాలరు ఇచ్చే కొత్త దాతను పట్టుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు ఖర్చు. అయోవాలో ఊరూరా తిరిగే కార్యకర్తలకు పోవాల్సిన సొమ్ము అది. 2023లో రిపబ్లికన్లు 40,000 మంది దాతలు కావాలంటే నార్త్ డకోటా గవర్నర్ బర్గమ్ డాలరు చందా ఇచ్చినవారికి 20 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపారు. వేదిక ఎక్కారు కూడా. నియమం దేన్ని కొలవాలనుకుందో అది కొలవడం మానేసిందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అన్నిటికంటే బాధ కలిగించేది 2020 జనవరి 31. దాతల షరతును డెమోక్రాటిక్ జాతీయ కమిటీ ఎత్తేసింది. తన సొంత డబ్బుతోనే పోటీచేస్తూ చందాలు తీసుకోని బ్లూంబర్గ్ లాస్ వెగాస్ డిబేట్‌కు రావడానికి దారి తెరుచుకుంది. అదే నెలలో కాస్ట్రో, బుకర్ తప్పుకుని ఉన్నారు. నెలల తరబడి డాలరు డాలరు పోగేసినవాళ్లకు పెట్టిన నియమం ధనవంతుడికి లేకపోవడం అన్యాయం. నియమాలు మధ్యలో మార్చకూడదు.

ఓరుగల్లు

అన్నా, నిలబడెటోల్లు ఎక్కువైతే ఏమైతదో మా దిక్కు చూసినంత ఎవలూ చూసి ఉండరు. 1996ల నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డరు. ఫ్లోరైడు నీళ్ల గోస దేశానికి తెల్వాలని. బ్యాలెట్ పేపరు పుస్తకం లెక్క అచ్చేయవలసి వచ్చింది, పోలింగు వాయిదా పడ్డది. ఆ ఏడే లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచిన్రు. 2019ల నిజామాబాదుల పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు ఏసి మొత్తం 185 మంది అయిన్రు. ఒక్కో బూతుల 12 బ్యాలెట్ యూనిట్లు కలిపి పెట్టిన్రు. ఒక్కో యూనిట్‌ల 16 పేర్లే పడతయి గదా.

గని ఆల్లెవలూ గెలుస్తమని నిలబడలే. నిరసన చెప్పనీకి నిలబడ్డరు. అమెరికల గూడ గిట్లాంటోల్లు ఉంటరా? ఆల్లను ఈ లెక్కల కలుపుతరా?

లెక్కల మాస్టారు

మంచి ప్రశ్న వేశారు ఓరుగల్లు గారూ. కాగితం మీది గుంపు వేరు, నిజమైన గుంపు వేరు. న్యూ హాంప్‌షైర్‌లో 1,000 డాలర్లు కట్టి ఫారం నింపితే చాలు పేరు ఎక్కుతుంది. 2016లో రిపబ్లికన్ బ్యాలెట్‌పై 30 పేర్లు, 2020లో డెమోక్రాటిక్ బ్యాలెట్‌పై 33. వాటిలో చాలామందికి పదులు, వందల్లోనే ఓట్లు. వాళ్లవల్ల హాని ఏమీ లేదు, మీ నల్లగొండ నిరసనలా వాళ్ల మాట వాళ్లు చెప్పుకుంటారు.

గీత మరీ ఎత్తు పెడితే ఏమవుతుందో వర్జీనియాలో 2012లో తెలిసింది. 10,000 సంతకాలు, ప్రతి కాంగ్రెస్ నియోజకవర్గం నుంచి 400కు తగ్గకుండా. రామ్నీ, రాన్ పాల్ ఇద్దరే నెగ్గుకొచ్చారు. గింగ్రిచ్, పెర్రీ లాంటి పేరున్నవాళ్లే బ్యాలెట్ ఎక్కలేకపోయారు. తర్వాత ఆ సంఖ్యను సగానికి తగ్గించారు. సంతకాల్లో చెల్లనివి పోతాయని తెలిసినవాళ్లు ఒకటిన్నర రెట్లు సేకరిస్తారు. ఆ పని ఎన్నికకు నెలల ముందే మొదలవ్వాలి. ఆలస్యంగా దిగినవాడికి వేటు అక్కడే పడుతుంది.

హాని చేసేది 8 నుంచి 20 శాతం మధ్య ఉండే వాళ్లు. గెలవలేరు, వదలరు. ఒకే తరహా ఓటరును పంచుకుంటారు.

తుంగభద్ర

ఎందుకు వదలరు? ఓడిపోతామని తెలిసినా?

చందాపెట్టె

డబ్బు వల్ల. పాత రోజుల్లో మొదటి రెండు రాష్ట్రాల్లో ఓడితే చందాలు ఆగిపోయేవి, విమానం టికెట్‌కు డబ్బు లేక ఇంటికి వెళ్లేవాళ్లు. 2010 తర్వాత సూపర్ ప్యాక్‌లు (అభ్యర్థి కోసం విడిగా ఖర్చుపెట్టే సంఘాలు) వచ్చాయి. అభ్యర్థికి నేరుగా ఇచ్చే చందాకు పరిమితి ఉంటుంది, 2020 ప్రైమరీకి మనిషికి 2,800 డాలర్లు. సూపర్ ప్యాక్‌కు పరిమితి లేదు. ఒక్క ధనవంతుడు చాలు, అభ్యర్థిని నెలలపాటు నిలబెట్టగలడు. జెబ్ బుష్ తరఫు సూపర్ ప్యాక్ 100 మిలియన్ డాలర్లకు పైగా పోగేసింది. ఆయన సౌత్ కరోలినా దాకా ఉన్నారు. అయోవాలో, న్యూ హాంప్‌షైర్‌లో అది దాడి ప్రకటనలకు పెట్టిన డబ్బులో పెద్ద భాగం ట్రంప్ మీద కాదు, రూబియో మీద దాడికి పోయింది. ఒకే ఓటరు కోసం కొట్టుకునేవాళ్లు ముందున్నవాడిని వదిలి పక్కవాడిని కొడతారు. ప్రతి ఒక్కరి లెక్కా ఒక్కటే: ‘ముందు నేను రెండో స్థానానికి రావాలి, తర్వాత ఇద్దరమే మిగిలాక చూసుకుందాం.’ అందరూ ఇలాగే అనుకుంటే ఆ ‘తర్వాత’ రాదు.

తేదీలు చూడండి. 2016లో బుష్ ఫిబ్రవరి 20న, కార్సన్ మార్చి 4న, రూబియో మార్చి 15న, కేసిచ్ మే 4న. మార్చి 1న, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూస్‌డేకు, ట్రంప్, క్రూజ్‌లతో కలిపి ఐదుగురు ఇంకా ఉన్నారు. ఆ రోజు వర్జీనియాలో ట్రంప్ 34.8, రూబియో 32, కేసిచ్ 9.5. తేడా మూడు శాతం కూడా లేదు. కేసిచ్ ఓట్లలో మూడో వంతు మళ్లినా ఫలితం మారేది. ఏప్రిల్ 24న క్రూజ్, కేసిచ్ రాష్ట్రాలు పంచుకున్నారు: ఇండియానా క్రూజ్‌కు, ఒరెగాన్, న్యూ మెక్సికో కేసిచ్‌కు. అప్పటికే ఆలస్యం. మే 3న ఇండియానాలో ట్రంప్‌కు 53 శాతం వచ్చింది.

2020 డెమోక్రాట్లు అంతకంటే పెద్ద గుంపుతో మొదలై అందుకు పూర్తిగా భిన్నంగా ముగించారు. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో బైడెన్ దాదాపు సగం ఓట్లు తెచ్చుకున్నారు. మార్చి 1న బుటిజెజ్, 2న క్లోబుషార్ తప్పుకుని ఆయనకు మద్దతు పలికారు. మార్చి 3న 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. ఫిబ్రవరి నెలంతా భయపడిన చీలిక మూడు రోజుల్లో సర్దుకుంది. పాతికమంది అన్నది 2019 వేసవి నాటి సంఖ్య, మార్చికి మిగిలినవాళ్లెందరన్నదే అసలు సంఖ్య.

గోదారిగట్టు

ఇది నన్ను ఆలోచనలో పడేసింది. ఒక్కటి మాత్రం అడగాలి. 2016లో ఒకే ఒక్క ప్రత్యర్థి ఉండి ఉంటే ట్రంప్ ఓడేవారన్నది మీ అందరి నమ్మకమా?

పాతపుటలు

నాకు అలాంటి నమ్మకం లేదు. క్రూజ్ ఓటరు రూబియో ఓటరు కాడు. క్రూజ్ వెనకున్న చాలామందికి వాషింగ్టన్ పెద్దల మీద కోపం. ఆయన లేకపోతే వాళ్లలో చాలామంది రూబియో కంటే ట్రంప్ వైపే చూసేవారు. ‘ట్రంప్ వ్యతిరేక ఓటు’ అని 67 శాతాన్ని ఒకే మూటగా కట్టడం సరికాదు. ఏప్రిల్ 19న న్యూయార్క్ దాకా ఏ రాష్ట్రంలోనూ ఆయన సగం దాటలేదన్నది నిజం. ప్రత్యర్థులు తగ్గుతున్న కొద్దీ ఆయన శాతం పెరిగిందన్నదీ అంతే నిజం. ప్రైమరీలన్నీ కలిపితే 45 శాతం దగ్గర ఆగారు.

పైగా 2024 చూడండి. అక్కడా అభ్యర్థులు పదిమందికి పైగా దిగారు. అయోవాలో ట్రంప్‌కు 51 శాతం, డిసాంటిస్‌కు 21, హేలీకి 19. అందరినీ ఒక్కటి చేసినా సగం దాటదు. అక్కడ గుంపుకు ఫలితంతో సంబంధం లేదు.

లెక్కల మాస్టారు

దీన్ని తేల్చాలంటే ఓటరు రెండో ఎంపిక కూడా తెలియాలి. మన దగ్గర ఉన్న బ్యాలెట్ దాన్ని అడగదు. అడిగిన చోట్లలో ఒకటి 2020 అయోవా డెమోక్రాటిక్ కాకస్. బూత్‌లో 15 శాతం రాని గుంపులు రెండోసారి వేరే గుంపులోకి వెళ్లవచ్చు. ఆ ఏడు మొదటి, చివరి లెక్కలు రెండూ బయటపెట్టారు. బుటిజెజ్ 21 నుంచి 25కు పెరిగారు. శాండర్స్ సుమారు 25 నుంచి 26.5కు. బైడెన్ 15 నుంచి 14 లోపుకు తగ్గారు. అంటే అందరికీ రెండో ఎంపికగా ఎక్కువమందికి నచ్చినది బుటిజెజ్. మొదటి లెక్క ఒక్కటే చూస్తే ఇది కనపడదు.

యాప్ పనిచేయక ఫలితాలు రోజుల తరబడి ఆగడంతో ఈ విలువైన సమాచారం ఎవరి కంటా పడలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

వరుసక్రమం

ఆ రెండో ఎంపికను కాగితం మీదే అడిగే పద్ధతి ఉంది. ఓటరు 1, 2, 3 అని వరుస రాస్తాడు. అట్టడుగున ఉన్న అభ్యర్థిని తీసేసి ఆయన ఓట్లను తర్వాతి ఎంపికలకు పంచుతారు. ప్రైమరీలో ఒకరే మిగిలేదాకా చేయనక్కర్లేదు. మిగిలినవాళ్లందరూ 15 శాతం దాటగానే ఆపి దామాషాగా పంచేస్తే చాలు. 2020లో అలాస్కా, హవాయీ, కాన్సస్, వయోమింగ్ డెమోక్రాట్లు ఇలాగే చేశారు. నాలుగింటిలోనూ చివరికి బైడెన్, శాండర్స్ ఇద్దరే మిగిలారు. న్యూ హాంప్‌షైర్‌లో పోయిన ఆ 30 శాతం లాంటిది ఇక్కడ ఉండదు. అయితే అవి జరిగింది ఏప్రిల్ 8న శాండర్స్ ప్రచారం ఆపాక. ఫిబ్రవరిలో, పదిమంది బరిలో ఉన్నప్పుడు ఈ పద్ధతిని ఇంకా ఎవరూ పూర్తిగా పరీక్షించలేదు.

లోపాలు కూడా చెప్పాలి. ఓటరు ఒక్క పేరే రాసి వదిలేస్తే, ఆ పేరు పోయాక ఆ ఓటూ పోతుంది. ఒకే అంకె ఇద్దరికి వేస్తే అక్కడి నుంచి ఆ ఓటు చెల్లకపోవచ్చు. బూత్ స్థాయిలో లెక్కించి ముగించలేరు, అన్నీ ఒకచోట చేర్చాలి. అందుకే ఫలితం ఆలస్యం.

ఇంకో దారి ఫ్రాన్స్‌ది, రెండు విడతల పోలింగ్. 2016 నవంబర్ 20న అక్కడి రిపబ్లికన్ల ప్రైమరీలో ఏడుగురు. తలా 2 యూరోలు కట్టి 40 లక్షలకు పైగా జనం ఓటేశారు. ఫియోన్ 44, జుప్పే 28.6, మాజీ అధ్యక్షుడు సార్కోజీ మూడో స్థానంలో ఇంటికి. వారం తర్వాత ఇద్దరి మధ్య ఫియోన్‌కు 66.5. ‘ఓట్లు చీలాయి’ అనే మాటకే తావు లేదు. 2017 జనవరిలో వామపక్ష ప్రైమరీ కూడా ఏడుగురితోనే జరిగి, రెండో విడతలో అమోన్ 58 శాతానికి పైగా తెచ్చుకున్నారు. అధ్యక్ష ఎన్నికలో ఆయనకు వచ్చింది 6.4 శాతం. కాబట్టి ఈ పద్ధతి పార్టీలోపల మెజారిటీని మాత్రమే ఖాయం చేస్తుంది, బయట గెలుపును కాదు.

మైకుముందు

యాభై రాష్ట్రాల్లో రెండు విడతలు జరిగే పని కాదు. ప్రైమరీ ఖర్చు చాలావరకు రాష్ట్ర ప్రభుత్వానిది, పార్టీది కాదు. ఒక్క పోలింగ్‌కే గీచి గీచి బడ్జెట్ ఇస్తారు. వరుసక్రమం బ్యాలెట్‌కైతే అదనపు పోలింగ్ రోజు అక్కర్లేదు, చట్టం మాత్రం మారాలి.

డల్లాస్ తెలుగు

ఇక్కడి మన ఓటర్లకు ఈ గుంపు వల్ల నేరుగా తగిలే దెబ్బ ఒకటుంది. ముందస్తు ఓటు. అభ్యర్థులు ఎక్కువున్న ఏడాది దాని గురించి జాగ్రత్త.

2016 మార్చి 22న అరిజోనాలో, వారం ముందే తప్పుకున్న రూబియోకు ఇంకా బరిలో ఉన్న కేసిచ్ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అవి దాదాపు అన్నీ ముందస్తుగా వేసినవే. 2020లో కాలిఫోర్నియాలో తప్పుకున్న బుటిజెజ్‌కు రెండు లక్షలకు పైగా, క్లోబుషార్‌కు లక్షకు పైగా ఓట్లు పడ్డాయి. మార్చి 10న వాషింగ్టన్ రాష్ట్రంలో మరీ దారుణం. బైడెన్ 37.9, శాండర్స్ 36.6. అయిదు రోజుల ముందే తప్పుకున్న వారెన్‌కు సుమారు 9 శాతం. వృథా అయిన ఓటు గెలుపు తేడాకు ఏడు రెట్లు.

ఇంకొన్ని విషయాలు, ఇక్కడ తరచూ అడుగుతున్నారు కనుక:

టెక్సస్, వర్జీనియా, జార్జియా, ఇల్లినాయ్‌లో పార్టీ పేరుతో ఓటరు నమోదు లేదు. ప్రైమరీ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు, ఒకటే. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివారు పోలింగ్ రోజే పార్టీ ప్రకటించవచ్చు. ఇప్పటికే ఒక పార్టీలో నమోదైనవారు మారాలంటే 55 రోజుల ముందే ఫారం ఇవ్వాలి. అభ్యర్థులు ఎక్కువున్న పార్టీలో ఓటేయాలని చివరి వారంలో అనుకుంటే కుదరదు. పెన్సిల్వేనియాలో పార్టీ సభ్యులకే ఓటు.

గ్రీన్ కార్డు ఉన్నవారు ఓటేయకూడదు, చందా ఇవ్వవచ్చు. డిబేట్ అర్హతకు దాతల లెక్క ఉన్నప్పుడు ఆ ఒక్క డాలరుకు విలువ ఉంటుంది. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవారు చందా కూడా ఇవ్వకూడదు, అది చట్టవిరుద్ధం. ఇంట్లో ఎవరి కార్డుతో కడుతున్నారో చూసుకోండి. భర్త గ్రీన్ కార్డు, భార్య హెచ్1బీ అయితే ఎవరి డబ్బుతో, ఎవరి పేరుతో చందా వెళ్తోందో చాలా ముఖ్యం.

తుంగభద్ర

డల్లాస్ గారూ, వేసిన ముందస్తు ఓటును వెనక్కి తీసుకోలేమా? మా చెల్లి మినియాపొలిస్‌లో ఉంటుంది, అడుగుతోంది.

డల్లాస్ తెలుగు

టెక్సస్‌లో మిషన్‌లో వేశాక అంతే. మిషిగన్‌లో పోస్టల్ బ్యాలెట్‌ను గడువులోపు క్లర్కుకు రాసి రద్దు చేయించుకుని కొత్తది తీసుకోవచ్చు. మిన్నెసోటాలోనూ 2020లో ఆ వీలు ఉండేది, కానీ ఎన్నికకు వారం ముందుదాకానే. క్లోబుషార్ సొంత రాష్ట్రమది. ఆమె తప్పుకున్నది ఎన్నికకు ముందురోజు. ఆమెకు ముందే వేసినవారికి ఆ వీలు అక్కరకు రాలేదు. గడువులు చట్టసభ మారుస్తూ ఉంటుంది, మీ చెల్లెల్ని కౌంటీ ఎన్నికల ఆఫీసులో ఈ ఏటి తేదీ అడగమనండి.

బరిలో నలుగురి కంటే ఎక్కువ ఉంటే బ్యాలెట్ ఇంటికి వచ్చినా వెంటనే పంపకుండా, అంతకు ముందు ఓటేసే రాష్ట్రాల ఫలితం వచ్చేదాకా ఆగమనండి. అప్పుడు పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందేమో, కాబట్టి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చే చోటు ఎక్కడుందో, ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుందో ముందే కనుక్కోవాలి.